రీమ్యాప్ చేయించిన కారు పొల్యూషన్ టెస్టు పాసైతే సరిపోతుందా?

ఆ మధ్య ఒక తమ్ముడు నాకు వాట్సాప్‌లో రెండు ఫోటోలు పంపాడు. మొదటిది డైనో కాగితం, అంటే కారుని రోలర్ల మీద నడిపి దాని బలం కొలిచి ఇచ్చేది. కారు ఒక లీటరు టర్బో పెట్రోలు, కంపెనీ లెక్క 115 పీఎస్ (గుర్రపు బలం లాంటి కొలత). రీమ్యాప్ చేయించాక, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్లో లెక్కలు మార్పించాక, డైనో మీద 138 చూపించింది. రెండో ఫోటో పెట్రోలు బంకు పక్కన తీయించుకున్న పొల్యూషన్ సర్టిఫికెట్. కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం దాటకూడదు, అతని కారుకి 0.02 వచ్చింది. కింద ఒక మాట: "చూడన్నా, పవర్ పెరిగింది, పొల్యూషన్ కూడా పాస్. ఇంకేం ప్రాబ్లం?"

వెంటనే జవాబివ్వలేకపోయాను. రెండు కాగితాల్లోనూ అబద్ధం లేదు. కాకపోతే డైనో కాగితం యాక్సిలరేటర్ నేలకి ఆనేలా తొక్కి, టర్బో నిండుగా గాలి కూరుతున్నప్పుడు తీసింది. సర్టిఫికెట్ న్యూట్రల్‌లో, టర్బోకి పెద్దగా పని లేనప్పుడు తీసింది. అతను డబ్బు పెట్టి మార్పించుకున్నది మొదటి పరిస్థితిని. శుభ్రంగా ఉందని కాగితం తెచ్చుకున్నది రెండో పరిస్థితికి. 138 పీఎస్ వస్తున్న ఆ కొన్ని సెకన్లలో సైలెన్సర్ నుంచి ఏం బయటికి పోతోందో రెండింట్లోనూ రాసి లేదు. దాన్ని తెలుసుకోవాలంటే ఇంజన్ లోపలికి వెళ్లాలి.

బలం ఎక్కడిది

పెట్రోలు ఎంత పోసినా ఇంజన్‌కి బలం రాదు, దాన్ని కాల్చేంత గాలి ఉండాలి. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 14.7 గ్రాముల గాలి పడుతుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకి అయితే 13.5 దగ్గర. ఇంధనం ఏదైనా, దానికి కావలసినంత గాలి సరిగ్గా ఉంటే ఆ స్థితిని లాంబ్డా 1 అంటారు. గాలి తక్కువై పెట్రోలు ఎక్కువైతే లాంబ్డా ఒకటి కంటే కిందికి దిగుతుంది. మెకానిక్కులు దాన్నే 'రిచ్' అంటారు. గాలి ఎక్కువైతే 'లీన్'.

టర్బో చేసే పని ఒక్కటే. బయటికి వృథాగా పోయే పొగ వేగంతో ఒక చక్రాన్ని నిమిషానికి లక్ష, లక్షన్నర చుట్లు, చిన్న టర్బోలైతే రెండు లక్షల దాకా తిప్పి, దాని అవతల ఉన్న ఇంకో చక్రంతో గాలిని ఒత్తి సిలిండర్లలోకి పంపుతుంది. గాలి ఎక్కువ దూరితే పెట్రోలు కూడా ఆ మేరకు ఎక్కువ కాల్చవచ్చు. అందుకే ఒక లీటరు ఇంజన్ లీటరున్నర ఇంజన్‌లా లాగుతుంది.

రీమ్యాప్ అంటే ఈ గాలికి పెట్టిన హద్దుల్ని మార్చడం. ఇప్పటి ఈసీయూలో, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్లో, మనం తొక్కే యాక్సిలరేటర్ నేరుగా థ్రాటిల్‌ని (గాలి వెళ్లే తలుపుని) తెరవదు. 'ఇంత టార్క్ (తిప్పే బలం) కావాలి' అని అడుగుతుంది. ఈసీయూ దాన్ని 'ఇంత గాలి కావాలి'గా మార్చుకుని థ్రాటిల్‌ని, టర్బో వేస్ట్‌గేట్‌ని (పొగని టర్బో చక్రం పక్కనుంచి వదిలే తలుపుని), స్పార్క్ సమయాన్ని, పెట్రోలు కొలతని సర్దుతుంది. ట్యూనర్ ల్యాప్‌టాప్‌తో లోపలికి వెళ్లి టార్క్ హద్దులు, బూస్ట్ (టర్బో గాలిని ఒత్తే పీడనం) లక్ష్యాలు, స్పార్క్ పట్టికలు, లాంబ్డా పట్టికలు మారుస్తాడు. ఇనప ముక్క ఒక్కటీ మారకుండానే పదిహేను నుంచి పాతిక శాతం బలం పెరుగుతుంది. దీన్నే షాపుల్లో స్టేజ్ 1 అంటారు.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా పట్టుకోవాలి. ఎక్కువ గాలికి సరిపడా ఎక్కువ పెట్రోలు పోసి, లాంబ్డా 1 దగ్గరే కాలిస్తే, కాలినదాని పరిమాణం పెరుగుతుంది గానీ కాలే పద్ధతి చెడదు. అంటే బలం పెరగడానికీ విషపు పొగ పెరగడానికీ పుట్టుకతో ముడి లేదు. ఆ ముడి ఇంకోచోట పడుతుంది.

క్యాట్ అడిగే ఒక్క షరతు

పెట్రోలు కారు పొగలో మనల్ని బాధపెట్టేవి ముఖ్యంగా మూడు వాయువులు. సగం కాలిన కార్బన్ మోనాక్సైడ్, అసలు కాలని హైడ్రోకార్బన్లు, మంట బాగా వేడెక్కినప్పుడు గాలిలోని నైట్రోజన్ కూడా కాలి తయారయ్యే నైట్రోజన్ ఆక్సైడ్లు. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో వీటికి తోడు కంటికి కనపడని మసి రేణువులు.

టర్బో తర్వాత పైపులో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్, అందరూ 'క్యాట్' అనేది, లోపల తేనెపట్టులా ఉంటుంది. ఆ గోడల మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత. మొదటి రెండు వాయువులకి అది ఆక్సిజన్ తగిలించాలి, మూడోదాని నుంచి ఆక్సిజన్ ఊడదీయాలి. ఒకే డబ్బాలో రెండు ఎదురెదురు పనులు. ఇది కుదిరేది పొగ సరిగ్గా లాంబ్డా 1 దగ్గర ఉన్నప్పుడే, అటూ ఇటూ ఒక శాతం తేడా లోపు. ఆ సన్నని కిటికీలో ఉంటే వేడెక్కిన క్యాట్ 95 శాతానికి పైగా విషాన్ని తినేస్తుంది. కాస్త లీన్ అయితే నైట్రోజన్ ఆక్సైడ్లు దాటిపోతాయి. రిచ్ అయితే కార్బన్ మోనాక్సైడ్‌కి తగిలించడానికి ఆక్సిజనే మిగలదు, అది నేరుగా బయటికి పోతుంది. క్యాట్ ఎంత ఖరీదైనదైనా ఆ క్షణంలో ఖాళీ డబ్బాతో సమానం.

లాంబ్డా 0.85కి దిగితే పొగలో కార్బన్ మోనాక్సైడ్ నాలుగైదు శాతం ఉంటుంది. తమ్ముడి సర్టిఫికెట్‌లో ఉన్నది 0.02. రెండు వందల రెట్ల తేడా, అదే కారులో, అదే క్యాట్‌తో.

మరి ఎవరైనా లాంబ్డాని 0.85కి ఎందుకు దించుతారు? పెట్రోలు దండగ చేయాలని ఎవరూ కోరుకోరు కదా. అసలు చిక్కుముడి ఇక్కడే ఉంది.

వేడి గొలుసు

గాలిని ఒత్తితే వేడెక్కుతుంది. సైకిల్ పంపు కొట్టేటప్పుడు కింద చెయ్యి పెట్టి చూసిన వాళ్లందరికీ తెలుసు. నలభై డిగ్రీల ఎండలో బయటి గాలిని టర్బో రెట్టింపు పీడనానికి ఒత్తిందనుకోండి, అది దాదాపు 135, 140 డిగ్రీలకి చేరుతుంది. ఇంటర్‌కూలర్ దాన్ని మళ్లీ యాభై, అరవైకి దించాలి. దించలేకపోతే ఆ వేడి గాలే సిలిండర్‌లోకి పోతుంది.

వేడి గాలి పెట్రోలుతో కలిసి ఒత్తుడైనప్పుడు, స్పార్క్ ఇచ్చిన మంట చేరకముందే మూలల్లో తనంతట తాను భగ్గుమంటుంది. అదే నాకింగ్. పిస్టన్‌ని సుత్తితో కొట్టినట్టు ఉంటుంది. ఇంజన్ బ్లాక్ మీద ఉన్న నాక్ సెన్సర్ ఆ చప్పుడు వినగానే ఈసీయూ స్పార్క్‌ని కొన్ని డిగ్రీలు ఆలస్యం చేస్తుంది. ఇంజన్ బతుకుతుంది. కానీ మంట ఆలస్యంగా మొదలైంది కాబట్టి దాని వేడిలో ఎక్కువ భాగం పిస్టన్‌ని తోయడానికి కాక పొగతో పాటు బయటికి వస్తుంది. టర్బో చక్రం 950 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, కొన్ని మేలు రకాలు 1050 దాకా. క్యాట్ కూడా ఆ దరిదాపుల్లోనే కాలిపోవడం మొదలవుతుంది. వాటిని కాపాడటానికి ఈసీయూ దగ్గర మిగిలిన ఆయుధం ఒక్కటే: అవసరమైన దానికంటే ఎక్కువ పెట్రోలు చిమ్మడం. ఆ అదనపు పెట్రోలు కాలదు, ఆవిరై మంటని చల్లబరుస్తుంది. లాంబ్డా దిగుతుంది. క్యాట్ కిటికీ మూసుకుపోతుంది.

ఎక్కువ బూస్ట్, వేడి గాలి, నాకింగ్, ఆలస్యపు స్పార్క్, వేడి పొగ, రిచ్ మిశ్రమం, విషం. గొలుసు ఇది. పవర్‌కీ పొల్యూషన్‌కీ ముడి పడేది ఈ గొలుసులో. ఇందులో ఏ లింకు దగ్గర తెంపగలిగితే అక్కడి నుంచి బలం శుభ్రంగా వస్తుంది. మంచి ట్యూనర్ పనితనమంతా ఆ తెంపడంలోనే ఉందని నా నమ్మకం. పెద్ద నంబరు చూపించడం ఎవరికైనా వస్తుంది.

మన వాతావరణం ఈ గొలుసుని ఇంకా బిగిస్తుంది. మే నెల విజయవాడలో 45 డిగ్రీల గాలి, 15 డిగ్రీల గాలి కంటే తొమ్మిది, పది శాతం పల్చగా ఉంటుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి ఐదు వందల మీటర్ల పైన ఉంది కాబట్టి ఇక్కడ గాలి పీడనం ఎలాగూ కొంచెం తక్కువ. టర్బో ఈ లోటు పూడ్చడానికి ఇంకా గట్టిగా తిరగాలి, ఇంకా వేడెక్కాలి. యూరప్‌లో పదిహేను డిగ్రీల చలిలో తయారు చేసిన మ్యాప్ ఫైల్‌ని కొనుక్కొచ్చి ఇక్కడి కారులో ఎక్కిస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. దానికి తోడు అక్కడ మామూలు పెట్రోలే 95 ఆక్టేన్. మన దగ్గర బీఎస్6 (వాహనాల పొగకి మన దేశం పెట్టిన ప్రమాణం) వచ్చిన 2020లో మామూలు పెట్రోలుకి పెట్టిన కనీస హద్దు 91. ఆక్టేన్ అంటే నాకింగ్‌ని ఓర్చుకునే గుణం. ఇథనాల్‌కి ఆ గుణం బాగా ఎక్కువ కాబట్టి ఇథనాల్ కలిసిన పెట్రోలు ఈ ఒక్క విషయంలో టర్బో ఇంజన్లకి మేలే చేస్తుంది. మైలేజీ తగ్గడం, పాత కార్ల రబ్బరు పైపుల సంగతి వేరే చర్చ.

షెడ్డులో చూసింది

తమ్ముడిని కారు తీసుకుని ఒక ఆదివారం రమ్మన్నాను. తెలిసిన షెడ్డు ఉంది. అక్కడ డైనో లేదు గానీ, ఈసీయూ నుంచి క్షణక్షణం లెక్కలు రాసుకునే లాగర్ ఉంది. ఓబీడీ సాకెట్‌కి (కారు కంప్యూటర్ లెక్కలు చదివే చోటు) తగిలించి, ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో 2,000 నుంచి 6,000 ఆర్‌పీఎం దాకా ఒకే తొక్కుడు. ఎనిమిది, పది సెకన్లు. మధ్యలో ఇంజన్ చల్లారనివ్వకుండా వెంటవెంటనే మూడుసార్లు.

లాగ్‌లో నేను చూసేది నాలుగు వరసలు. లోపలికి వెళ్లే గాలి వేడి, నాకింగ్ వల్ల స్పార్క్ ఎన్ని డిగ్రీలు వెనక్కి జరిగింది, బూస్ట్, లాంబ్డా. మొదటిసారి గాలి 44 డిగ్రీలు, స్పార్క్ ఒక డిగ్రీ వెనక్కి, పై ఆర్‌పీఎంలో లాంబ్డా 0.88. రెండోసారి గాలి 52, స్పార్క్ మూడు డిగ్రీలు వెనక్కి, లాంబ్డా 0.84. మూడోసారి గాలి 61, స్పార్క్ ఐదున్నర డిగ్రీలు వెనక్కి, లాంబ్డా 0.80. పైన చెప్పిన గొలుసంతా అంకెల్లో కళ్ల ముందు ఉంది. డైనో కాగితం మీది 138 మొదటి తొక్కుడిది. మూడోసారి కారు అంత బలం ఇవ్వడం లేదు, విషం మాత్రం ఎక్కువ ఇస్తోంది.

"పాతికవేలు పోసి ఇదా అన్నా?" అన్నాడు.

తప్పంతా మ్యాప్‌దే కాదని బంపరు ఊడదీశాక తెలిసింది. ఈ ఇంజన్లో ఇంటర్‌కూలర్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంచే గొట్టం) లోపలే ఉంటుంది, నీళ్లతో చల్లబడుతుంది. ఆ నీళ్ల కోసం ముందు వైపు విడిగా ఒక చిన్న రేడియేటర్ ఉంటుంది. దాని రెక్కల మధ్య దుమ్ము, పురుగులు, ఎండిన బురద కలిసి గోడ మీద పూత పూసినట్టు గట్టిపడ్డాయి. షెడ్డు మేస్త్రీ నీళ్లని నెమ్మదిగా లోపలి వైపు నుంచి బయటికి కొట్టి అరగంట కడిగాడు. ఆ కడుగుడుకే మూడో తొక్కుడులో గాలి వేడి 61 నుంచి 51కి దిగింది. మ్యాప్‌లో ఒక్క అంకె ముట్టుకోలేదు.

స్టేజ్ 2, టపటపలు

స్టేజ్ 2, అంటే సాఫ్ట్‌వేర్‌తో పాటు భాగాలు కూడా మార్చడం, అనగానే ముందుగా వచ్చే మాట డౌన్‌పైప్. టర్బో నుంచి పొగ బయటికి పోయే మొదటి పైపు అది. కంపెనీ క్యాట్ ఉండేది అందులోనే, ఇంజన్‌కి వీలైనంత దగ్గరగా. పొద్దున చల్లగా స్టార్ట్ చేసినప్పుడు క్యాట్ 250, 300 డిగ్రీలకి చేరేదాకా పని చేయదు కాబట్టి అలా దగ్గర పెడతారు. ఒక ప్రయాణం మొత్తం విషంలో పెద్ద వాటా ఆ మొదటి నిమిషంలోనే పోతుంది. అందుకే బీఎస్6 కార్లు స్టార్ట్ కాగానే కాసేపు పెద్దగా గుర్రుమంటాయి. ఈసీయూ కావాలనే స్పార్క్ ఆలస్యం చేసి, క్యాట్‌ని వేడి పొగతో కాస్తోంది.

ఆ క్యాట్‌ని తీసేసి ఖాళీ పైపు పెడితే టర్బో వెనక అడ్డు తగ్గుతుంది, త్వరగా తిరుగుతుంది, కొన్ని గుర్రాలు దక్కుతాయి. వెనక ఆక్సిజన్ సెన్సర్ 'క్యాట్ పని చేయడం లేదు' అని పీ0420 కోడ్‌తో ఇంజన్ లైట్ వెలిగిస్తుంది. అప్పుడు ట్యూనర్ సాఫ్ట్‌వేర్‌లో ఆ సెన్సర్ నోరు నొక్కేస్తాడు. ఇది ట్యూనింగ్ అనిపించుకోదు. పొల్యూషన్ వ్యవస్థని పీకేసి, పీకిన సంగతి దాచడం. దీనికి 'రేసింగ్ కోసం మాత్రమే' అని పేరు పెట్టినంత మాత్రాన, రోజూ ఆఫీసుకి వెళ్లే కారు రేసు కారు అయిపోదు. కావాలంటే ఎక్కువ సందులున్న, తక్కువ అడ్డు పెట్టే స్పోర్ట్స్ క్యాట్‌లు ఉన్నాయి. నాసిరకానివి ఏడాదికే చచ్చిపోతాయి. మంచివి ఖరీదు.

యాక్సిలరేటర్ వదలగానే సైలెన్సర్‌లో టపటపమని పేలే చప్పుడు కోసం చాలామంది కుర్రాళ్లు మోజు పడుతున్నారు. అది కాలని పెట్రోలుని ఎగ్జాస్ట్ పైపులోకి పంపి అక్కడ మండించడం. ఆ మంట పడేది క్యాట్ తేనెపట్టు మీదే. కొన్నాళ్లకి అది కరిగి ముద్దవుతుంది, పొగకి దారి మూసుకుపోతుంది, ఉన్న పవర్ కూడా పోతుంది. బలం ఏమీ ఇవ్వని ఈ పనికి క్యాట్‌ని బలి పెట్టడం నాకెప్పుడూ బాధగానే ఉంటుంది.

డీజిల్ కథ వేరు. డీజిల్ ఇంజన్ ఎప్పుడూ లీన్‌గానే కాలుస్తుంది కాబట్టి ఈ మూడు పనుల క్యాట్ అక్కడ కుదరదు. మసికి ఫిల్టర్ (డీపీఎఫ్), నైట్రోజన్ ఆక్సైడ్లకి ఈజీఆర్ (కొంత పొగని తిరిగి ఇంజన్‌లోకి పంపే ఏర్పాటు), ఇంకొన్నిట్లో యూరియా ద్రావణం చిమ్మే ఏర్పాటు విడివిడిగా ఉంటాయి. డీజిల్ రీమ్యాప్‌లో గాలి పెంచకుండా డీజిల్ మాత్రమే పెంచితే నల్లపొగ వస్తుంది, ఫిల్టర్ వారాల్లో నిండిపోతుంది. ఫిల్టర్ ఉన్న చోటే ఉంచి, మసి హద్దు దాటకుండా బూస్ట్‌తో పాటు డీజిల్ పెంచేవాళ్లూ ఉన్నారు. 'డీపీఎఫ్ డిలీట్, ఈజీఆర్ డిలీట్' అని బోర్డు పెట్టుకున్న చోటికి మాత్రం పోవద్దు.

పెనుకొండలో తయారైన ఉదాహరణ

ఎక్కువ బలం, తక్కువ విషం ఒకే కారులో సాధ్యమా అన్న అనుమానానికి మన అనంతపురం వైపే జవాబుంది. పెనుకొండ దగ్గరి ప్లాంటులో తయారైన కియా సెల్టోస్ 2019లో వచ్చినప్పుడు అందులో 1.4 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజన్ ఉండేది, 140 పీఎస్, 242 న్యూటన్ మీటర్ల టార్క్. 2023 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 రెండో దశ వచ్చింది. అంతకుముందు పాసా, ఫెయిలా తేల్చేది ల్యాబ్‌లో రోలర్ల మీది పరీక్షే. రెండో దశలో కారు డిక్కీ వెనక పొగ కొలిచే పరికరం కట్టి అసలు రోడ్ల మీద తిప్పి కొలుస్తారు. సరిగ్గా ఆ ఏడాది సెల్టోస్‌కి 1.4 పోయి 1.5 లీటర్ల టర్బో వచ్చింది, 160 పీఎస్, 253 న్యూటన్ మీటర్లు. నియమం కఠినమైంది, బలమూ పెరిగింది.

ఇంజన్ సైజు 1,353 సీసీ నుంచి 1,482కి, అంటే తొమ్మిదిన్నర శాతం పెరిగింది. బలం పెరిగింది పద్నాలుగు శాతం. సైజు ఇచ్చినదానికి మించిన బలం అందులో ఉంది. ఇలాంటి ఫలితానికి కంపెనీలు సాధారణంగా పట్టే దారులు ఏవంటే: పెట్రోలుని 350 బార్ లాంటి ఎక్కువ పీడనంతో సన్నని మంచులా చిమ్మడం, పొగ వెళ్లే మానిఫోల్డ్‌ని సిలిండర్ హెడ్‌లోనే పోసి నీళ్లతో చల్లబరచడం, వాల్వుల టైమింగ్ మార్చి ఒత్తిడి వేడి తగ్గించడం. బీఎండబ్ల్యూ అయితే 2016లో ఎం4 జీటీఎస్ అనే కారులో ఇన్‌టేక్‌లోకి నీళ్లు చిమ్మి గాలిని చల్లబరిచింది. అన్నీ పైన చెప్పిన వేడి గొలుసుని తెంపే ఉపాయాలే. రోడ్డు మీద కొలవడం మొదలయ్యాక 'వేడెక్కితే పెట్రోలు పోసి చల్లార్చేద్దాం' అన్న పాత అలవాటు కంపెనీలకే కష్టమవుతోంది.

రీమ్యాప్ చేసేవాళ్లు కంపెనీ వదిలిపెట్టిన జాగాలోనే ఆడతారు. ఆ జాగా ఎందుకు వదిలారో తెలుసుకోవాలి. తక్కువ ఆక్టేన్ పెట్రోలు పోసినా, దుమ్ము పట్టిన రేడియేటర్‌తో శ్రీశైలం ఘాట్ ఎక్కినా, లక్షన్నర కిలోమీటర్లు తిరిగినా కారు హద్దులోనే ఉండాలని. ఆ జాగాని మనం తినేస్తే, ఆ జాగ్రత్తని మనమే తీసుకోవాలి.

పొల్యూషన్ కాగితం పట్టేది, వదిలేది

పీయూసీ పరీక్షని, అంటే ఈ పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చే పరీక్షని, చాలామంది తీసిపారేస్తారు. అంత పనికిరానిది కాదు. బీఎస్4 నుంచి ఇటు వచ్చిన పెట్రోలు కార్లకి ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదు. తర్వాత 2,500 ఆర్‌పీఎం దగ్గర ఉంచి, కార్బన్ మోనాక్సైడ్ 0.2 శాతం లోపు, లాంబ్డా 0.97 నుంచి 1.03 మధ్య ఉండాలని చూడాలి. క్యాట్ లేని కారు ఎంత సరిగ్గా కాల్చినా, ఇంజన్ నుంచి నేరుగా వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్ మామూలుగా అర శాతం దాటుతుంది. కాబట్టి నిజాయితీగా గొట్టం పూర్తిగా లోపలికి పెట్టి, వేడి ఇంజన్‌తో చేస్తే, క్యాట్ పీకిన కారు దొరికిపోవాలి.

అది పట్టలేనివి రెండున్నాయి. పెట్రోలు కారులో నైట్రోజన్ ఆక్సైడ్లని అసలు కొలవదు. ఇంకొకటి, బూస్ట్ మీద ఏమవుతుందో చూడదు. న్యూట్రల్‌లో ఎంత రేజ్ చేసినా ఇంజన్ మీద బరువు లేదు కాబట్టి టర్బో నిజంగా పని చేయదు. తమ్ముడి కారు లాంటివి, అంటే క్యాట్ ఉండి, ఫుల్ థ్రాటిల్‌లో మాత్రం రిచ్ అయ్యేవి, ఈ పరీక్షలో ఎన్నేళ్లయినా దొరకవు. డీజిల్‌కి కాస్త నయం. యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కి పొగ నలుపు చూస్తారు.

చట్టం ఏమంటుంది

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకి భిన్నమయ్యేలా కారుని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట ఖరారు చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణలతో, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. కాలుష్య ప్రమాణాలు దాటితే 190వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. దాంతో పాటు మూడు నెలలు లైసెన్సుకి అనర్హత. ఇవి కాక వారంటీ పోతుంది. మార్పుని చెప్పకపోతే ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీతో తగువు.

మన దగ్గర లేనిది ఇంకొకటుంది. 'ఈ మ్యాప్ ఎక్కించినా ఈ కారు బీఎస్6 లోపలే ఉంది' అని పరీక్షించి, ముద్ర వేసి ఇచ్చే పద్ధతి. కొత్త కారుకి పుణేలోని ఏఆర్‌ఏఐ లాంటి చోట ఆమోదం ఉంటుంది. తర్వాత వేసే పర్ఫార్మెన్స్ సాఫ్ట్‌వేర్‌కి అలాంటి గడప లేదు. శుభ్రంగా చేసినవాడినీ, క్యాట్ పీకినవాడినీ చట్టం ఒకే గాటన కడుతుంది. దాంతో శుభ్రంగా చేయడానికి ట్యూనర్‌కి లాభమేమీ కనపడదు.

కాలిఫోర్నియాలో ఆ గడప ఉంది. అక్కడి గాలి వనరుల బోర్డు, తయారీదారు తన భాగాన్నో సాఫ్ట్‌వేర్‌నో ల్యాబ్‌లో పరీక్ష చేయించి పొగ హద్దు దాటలేదని నిరూపిస్తే 'ఎగ్జిక్యూటివ్ ఆర్డర్' అనే నంబరిస్తుంది. ఆ నంబరున్న స్టిక్కర్ బానెట్ కింద అతికించుకుంటే మార్పు చట్టబద్ధం. 2021 జులై 19 నుంచి అక్కడి స్మాగ్ చెక్‌లో (అక్కడి పొల్యూషన్ పరీక్ష) ఈసీయూ సాఫ్ట్‌వేర్‌ని కూడా చూస్తున్నారు. లోపలి కోడ్ తాలూకు గుర్తింపు అంకె కంపెనీదీ కాక, ఆమోదం పొందిందీ కాకపోతే కారు ఫెయిల్. ఫ్రీమాంట్‌లో, శాన్ హోసేలో ఉంటూ సరదాగా కారు ట్యూన్ చేయించుకున్న మనవాళ్లకి ఇది బాగా తెలిసిన తలనొప్పి. స్మాగ్ చెక్‌కి ముందు పాత మ్యాప్ మళ్లీ ఎక్కించుకుని పోతే, కారు తన పొల్యూషన్ వ్యవస్థని తనే పరీక్షించుకునే మానిటర్లన్నీ సున్నా అయి, మళ్లీ కొన్ని రోజులు తిప్పితే గానీ 'రెడీ' కావు.

కోడ్‌ని కూడా కారు భాగంగా చూసే దాకా ప్రభుత్వాలు ఊరికే రాలేదు. 2015లో ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్లు, ల్యాబ్ పరీక్ష జరుగుతోందని కనిపెట్టి అప్పుడు మాత్రం బుద్ధిగా ఉండేవని బయటపడింది. రోడ్డు మీద నైట్రోజన్ ఆక్సైడ్లు హద్దు కంటే నలభై రెట్ల దాకా. పట్టుకున్నది వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్లు, కారు వెనక పరికరం కట్టి రోడ్ల మీద తిప్పి. ఇప్పుడు మన రెండో దశలో ఉన్న రోడ్డు పరీక్ష ఆ దారిలోదే. అమెరికా ట్యూనింగ్ కంపెనీల మీదా కేసులు పడ్డాయి. సుబారు కార్లవాళ్లకి బాగా తెలిసిన కాబ్ కంపెనీ 2022లో తన పరికరాల నుంచి కాలుష్య నియంత్రణని ఆపేసే వీలు తీసేసింది. 2024లో ప్రభుత్వంతో రాజీకి వచ్చి 29 లక్షల డాలర్ల జరిమానాకి ఒప్పుకుంది.

మళ్లీ ఆ కారు దగ్గరికి

రేడియేటర్ కడిగిన వారానికి తమ్ముడు తన ట్యూనర్ దగ్గరికి లాగ్ తీసుకుని వెళ్లాడు. నేను మూడే అడగమన్నాను. పైన 4,500 ఆర్‌పీఎం దాటాక బూస్ట్ కొంచెం తగ్గించమని. మ్యాప్‌ని తను నిజంగా పోయించే మామూలు పెట్రోలుకే రాయమని, ఎప్పుడో ఒకసారి దొరికే వంద ఆక్టేన్‌కి కాదు. పొగ వేడి లెక్క, వెనక ఆక్సిజన్ సెన్సర్, మానిటర్లు వేటినీ ముట్టుకోవద్దని.

ట్యూనర్ మొదట ఇష్టపడలేదు. "నంబరు తగ్గుద్ది బ్రో, మళ్లీ నన్నే అంటావ్" అన్నాడట. తగ్గింది. డైనో మీద 138 బదులు 129. కానీ మూడో తొక్కుడులో కూడా అదే 129. గాలి 49 డిగ్రీలు, స్పార్క్ ఒక డిగ్రీ వెనక్కి. లాంబ్డా 5,000 దాకా 1 దగ్గరే నిలబడి, చివర్లో 0.94కి దిగింది. మళ్లీ రెండు కాగితాలు తీయించాడు. పొల్యూషన్ సర్టిఫికెట్‌లో అంకె మారలేదు, ఎప్పటిలాగే 0.02.

"ఈ లాగ్ కూడా ప్రింట్ తీసి ఆర్‌సీతో పాటు డాష్‌బోర్డులో పెట్టుకుంటా అన్నా, ఎవరైనా ఆపితే చూపిస్తా" అన్నాడు. పెట్టుకోమన్నాను. ఆపినవాళ్లు ఆ కాగితాన్ని లెక్కలోకి తీసుకునే నియమం మన దగ్గర ఇంకా లేదని కూడా చెప్పాను.